రుమాలు కొస

మా వైపు తలపాగాను రుమాలు అంటారు. ఇంటి పెద్ద పోతే పదకొండో నాడు మేనమామ కొత్త రుమాలు తెచ్చి కొడుకు తలకు చుడతాడు. అప్పటి నుంచి ఆ ఇంటి మంచిచెడ్డలకు ఆ కొడుకే జవాబుదారీ. మా నాయన పోయినప్పుడు నా తమ్ముడికి అయిదేళ్లు. మామ తెచ్చిందేమో పెద్దవాళ్లు కట్టుకునే పొడవాటి తెల్లబట్ట. ఎన్ని చుట్లు చుట్టినా ఇంకా మిగిలిపోతూనే ఉంది. వాడి కళ్లూ చెవులూ అందులో మునిగిపోయాయి. కొస జారి అప్పుడే అలికిన వాకిట్లో ఈడ్చుకుపోతుంటే మామ నన్ను పిలిచాడు.

"కొస పట్టుకో బిడ్డా. నేలకు తగలద్దు."

పట్టుకున్నాను. వాడు ముందు, నేను వెనక, అందరికీ దండం పెడుతూ వాకిలంతా తిరిగాం. అప్పటిదాకా ఏడుస్తున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. పద్దెనిమిది నిండినదాన్ని నేనుండగా ముక్కు చీదుకోవడం రానివాడికి రుమాలేమిటి అనుకున్నాను. పైకి అనలేదు. అనే నోరు అప్పటికింకా రాలేదు. తర్వాత వచ్చింది, మా బాన్సువాడ మొత్తానికి సరిపడా వచ్చింది.

అది 1969. ప్రత్యేక తెలంగాణ గొడవలతో బళ్లన్నీ మూతబడి నా పరీక్షలు ఆగిపోయాయి. మళ్లీ పెట్టేసరికి నేను పుస్తకాల దగ్గర లేను, పొలం దగ్గర ఉన్నాను. అమ్మ తమ్ముడి కాన్పులోనే పోయింది. నాయన కడుపునొప్పి అంటూ నిజామాబాదు దవాఖానకు బయల్దేరి దారిలోనే కళ్లు మూశాడు. ఇక మిగిలింది మేమిద్దరం, కాలువ కింద వరీ చెరుకూ పండే భూమి, దాని పక్కనే చిన్నాయన భూమి.

చిన్నాయన చెడ్డవాడని నేను చెప్పను. నాయనకు జ్వరం వస్తే మంచం పట్టె మీద కూర్చుని తెల్లవార్లూ కాళ్లు ఒత్తేవాడు. రెండు భూముల మధ్య గెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన చేతికి వేరే బుద్ధి పుట్టేది. ఏటా వానాకాలంలో ఆయన నాగలి మా వైపు కొంచెం ఒరిగేది. నాయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నాయన పోయిన నెలలోనే, పసివాడి ఆస్తికి తనను గార్డియన్‌గా పెట్టమని చిన్నాయన జిల్లా కోర్టులో అర్జీ వేశాడు.

ఆ సంగతి తెలిసిన రోజే మామ నిజామాబాదు వెళ్లి ఒక వకీలును పట్టుకున్నాడు. పసివాడికి మేజరైన అక్క ఉందిగా, ఆమెనే గార్డియన్‌గా పెట్టమని అడుగుదాం అన్నాడట వకీలు. అయితే ఎవరైనా జమానతు ఉండాలి. అంటే ఆ ఆస్తిలో నేను ఒక్క గడ్డిపోచ దారి తప్పించినా, నా తరఫున తన భూమి ఒడ్డి నిలబడే మనిషి ఒకడు కావాలి. నేనుంటా అన్నాడు మామ. ఇదంతా ఇద్దరు మగవాళ్లు ఒక చాయ్ తాగే లోపల తేల్చేశారు. నన్నెవరూ అడగలేదు. అడిగితే సరే అనేదాన్నే. అయినా అడగాలి కదా?

భూమి విరాసత్ కూడా అలాగే అయింది. పోయినవాళ్ల భూమిని ఉన్నవాళ్ల పేరున కాగితాల్లో ఎక్కించడాన్ని మా వైపు విరాసత్ అంటారు. నాయన భాగంలో ఆడపిల్లకూ ఒక ముక్క ఉంటుందని పాత చట్టమే చెప్పేదట. నా పేరు రాయాలని పట్వారీకి తోచలేదు. రాయించుకోవాలని మాకూ తోచలేదు. మొత్తం తమ్ముడి పేరున ఎక్కింది, కాపలా నా పేరున ఎక్కింది.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. బావ మామ కొడుకు. నేను పుట్టిన ఇరవై ఒకటో నాడు మా అత్త నా చేతులకు నల్లగాజులు తొడిగి, ఇది నా కోడలు అని నలుగురిలో అనేసింది. దాన్ని నిశ్చితార్థం అనరు కానీ, మా ఇళ్లల్లో అంతకన్నా గట్టిది ఇంకోటి లేదు. బావ చెరుకు బండి తోలుకుని ఫ్యాక్టరీకి పోయేవాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సరిగ్గా మా ఇంటి ముందే అతని ఎద్దులకు దాహం వేసేది. నేను బకెట్టు తెచ్చి పెడితే ఎద్దులు మూతి కూడా ముంచేవి కావు. "ఇయ్యాల తాగబుద్ధి గాలేనట్టుంది" అని వాటి మీదికి నెట్టేసి నవ్వుతూ పోయేవాడు. ఆ ఎద్దుల దాహం చూసి నా రోజు మొదలయ్యేది, వాటి దాహం చూసే ముగిసేది.

కోర్టులో వాయిదా పడింది. తమ్ముణ్ణి చంకనెత్తుకుని మామతో నేనూ వెళ్లాను. చిన్నాయన వకీలు చురుకైనవాడు. మామను బోనెక్కించి, దేవుని ఎదుట నిజమే చెబుతానని ప్రమాణం చేయించాక సూటిగా అడిగాడు.

"ఈ పిల్లను నీ కొడుక్కు చేసుకుంటవని ఊరంతా చెప్పుకుంటున్నరు. గార్డియన్ నీ కోడలు, జమానతు నువ్వు. ఇగ ఆ పసిపిల్లగాని భూమి ఎవరింటికి పోయినట్టు?"

జడ్జిగారు తలెత్తి, అలాంటి సంబంధం ఖాయమైందా అని మెల్లగా అడిగారు. మామ నా వైపు చూశాడు. నా చంకలో నిద్రపోతున్న తమ్ముడి వైపు చూశాడు. మా మామకు దొంగతనం మాట అంటే ఒళ్లు మండుతుంది. చెల్లెలి కొడుకు భూమి మీద కన్నేశాడని నలుగురిలో అనిపించుకోవడం కన్నా బోనులోనే ప్రాణం పోవడం నయం ఆయనకు.

"లేదు సార్," అన్నాడు. అంతటితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. "ఈ పిల్ల నా ఇంటికి కోడలుగా రాదు. ప్రమాణం చేసి చెప్తున్న. ఎన్నటికీ రాదు."

ఆ సాయంత్రమే నన్ను గార్డియన్‌గా పెడుతూ జడ్జిగారు ఉత్తర్వు చెప్పారు. మేం గెలిచాం. చిన్నాయన మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. తిరుగు బస్సు వర్నిలో ఆగినప్పుడు మామ తమ్ముడికి బఠాణీలు కొనిచ్చి, నా వైపు చూడకుండా, "నోట్లెకెళ్లి వచ్చేసింది బిడ్డా" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. తమ్ముడు తినగా మిగిలిన బఠాణీలు ఊరిదాకా నా గుప్పిట్లోనే ఉన్నాయి.

మూడో నాడు ఎద్దులకు మళ్లీ దాహం వేసింది. ఈసారి బావ నవ్వలేదు.

"కోర్టుల అన్న మాట కోర్టుల ఉంటది. మనకేంది?" అన్నాడు. "వకీలును ఒక్కపారి అడుగుదాం, ఏమంటడో."

ఆ మాటే ఇంటికి పోయి వాళ్ల నాయనతోనూ అన్నాడు. మామ అంతెత్తున లేచాడట. "దేవుని మీద ప్రమాణం జేసినంక వకీలును అడుగుడేందిరా? రేపు ఆ పిల్లతోని నీ పెళ్లయితే, ఆ పిల్లగాని భూమి తినెతందుకే అబద్ధం చెప్పిండని ఉమ్మరా నా మొకాన?" మా మనుషులు అంతే. గుడిలో దీపం ముందు అన్న మాటకూ కోర్టులో జడ్జి ముందు అన్న మాటకూ వాళ్లకు తేడా తెలియదు. నాకూ తెలియదు. ప్రమాణం అంటే ప్రమాణమే. అది తప్పితే పసివాడికే ఏమన్నా అవుతుందని అత్త భయపడింది. నేను వాడి నుదురు తడిమి చూసుకున్నాను.

బావ మూడేళ్లు ఎవరినీ చేసుకోకుండా కూర్చున్నాడు. తర్వాత జుక్కల్ వైపు పిల్లను చేసుకున్నాడు. ఆ పెళ్లిలో తలంబ్రాల పళ్లెం నేనే పట్టుకున్నాను. మంచి పిల్ల. ఇప్పటికీ నన్ను వదినా అని నోరారా పిలుస్తుంది. ఆ పెళ్లయ్యాక బావ బండి మా ఇంటి ముందు నుంచి పోవడం మానేసి కాలువ గట్టు దారి పట్టింది. ఆ దారిలో ఎద్దులకు నీళ్లకు కొదవ లేదు.

ఇక నా కొలువు మొదలైంది. ఊళ్లో నా పేరే మారిపోయింది. గార్డియనమ్మ అనేవాళ్లు. కూలీలు, కిరాణా కొట్టు సేటు, బస్సు కండక్టరు, అందరికీ గార్డియనమ్మనే. గార్డియన్ అంటే ఏదో అధికారం అనుకునేవాళ్లు. నాకున్న అధికారం ఏమిటంటే, ఏ పనికైనా కోర్టును అడగడం. బావి తవ్వించడానికి మూలనున్న మెట్ట చెలక అమ్ముదామంటే అనుమతి కావాలి. అనుమతి వచ్చేసరికి ఎండాకాలం పోయి వానలు పడేవి. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న పొరుగు రైతు ఒకాయన, మా భూమి పదేళ్లకు కౌలుకిమ్మని అడిగాడు. అన్నేళ్లకు ఇచ్చే హక్కు నాకు లేదు. ఏడాదికైతే ఆయనకు గిట్టదు. నిజంగా మంచివాడు. నా అవస్థ చూసి, "ఇదేం తద్దినమమ్మా! మీ మావయ్యకి కష్టంగా ఉంటే చెప్పు, జామీను నేనుంటాను" అన్నాడు. ఆ మాటను నేను మర్యాదకు అన్నదిగా తీసుకుని మజ్జిగ ఇచ్చి పంపాను.

చివరికి చెప్పులు విడిచి నేనే మడిలోకి దిగాను. నాటు వేయించాను, నీళ్ల వంతు కోసం కాలువ దగ్గర మగవాళ్లతో అరిచాను, చెరుకు నరికే ఆర్డరు కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గర పడిగాపులు పడ్డాను. చిన్నాయన గెట్టు ఎక్కడికక్కడ ఆగింది. పండింది నాది కాదు. ఎండింది మాత్రం నాదే, ఎందుకు ఎండిందో ఏటా కోర్టుకు చెప్పుకోవాలి. పండక్కి కొత్త చీర కట్టుకుంటే అత్తలూ పిన్నులూ అంచు పట్టుకుని చూసేవాళ్లు. ఆ చూపులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. తమ్ముడి సొమ్ముతో కొన్నదా అని. అందుకే పాత చీరలే కట్టాను. అప్పుడేమో పిసినారి గార్డియనమ్మ అన్నారు. నా ఇంట్లో నేను వేరేవాళ్ల దుకాణానికి కాపలా కూర్చున్నట్టు ఉండేది. కిటికీలన్నీ తెరిచి ఉన్నా ఊపిరాడేది కాదు.

తమ్ముడు మంచివాడు. అదే ఇబ్బంది. వాడు అల్లరివాడైనా, పొగరుబోతైనా నేను కసితీరా తిట్టుకుని ఉండేదాన్ని. చలికాలం కోర్టు నుంచి ఆలస్యంగా వస్తే పొయ్యి మీద నీళ్లు కాచి ఉంచేవాడు. వాడికి పద్దెనిమిది నిండిన వారంలోనే నేను వకీలు దగ్గరికి పరుగెత్తాను. కొత్త చీర కట్టుకుని మరీ వెళ్లాను.

వకీలు తల గోక్కున్నాడు. "ఇంకా కాలేదమ్మా. అందరికీ పద్దెనిమిదే. గని కోర్టు గార్డియన్‌ను పెట్టిన పిల్లలకు ఇరవై ఒకటి నిండాలె. చట్టం గట్ల ఉన్నది."

"ఓటు?"

"ఓటు వేరే చట్టం."

"పెళ్లి?"

"అది ఇంకో చట్టం."

అంటే వాడు తండ్రి కావచ్చు కానీ తన మడికి తను యజమాని కాలేడు. ఆ చట్టాన్ని ఈ మధ్య మార్చేశారని విన్నాను, ఇప్పుడు అందరికీ పద్దెనిమిదేనట. సంతోషం. మాకు మాత్రం ఇంకో మూడేళ్లు వడ్డించారు. ఆ రోజు బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ, ఎవరన్నా పోయిండ్రా బిడ్డా అని అడిగింది. లేదవ్వా, ఎవరూ పోతలేరు, అదే బాధ అన్నాను.

ఆ మూడేళ్లూ గడిచే సమయానికి తమ్ముడికి సంబంధం కుదిరింది. అదే అదనులో ఊళ్లో ఒక వార్త పాకింది. రాష్ట్ర ప్రభుత్వం కొత్త చట్టం తెస్తోందని, పెళ్లికాని ఆడపిల్లకు కొడుకుతో సమానంగా భాగం వస్తుందని. ఎవరికి ఎంత అర్థమైందో తెలియదు కానీ, చుట్టుపక్కల ఆడపిల్లల పెళ్లిళ్లు ఒక్కసారిగా తొందర పడ్డాయి. నాక్కూడా! పదహారేళ్లు ఎవరికీ కనిపించని నా మెడ ఉన్నట్టుండి బోసిగా కనిపించింది. తమ్ముడికి మామగారు కాబోయే పెద్దాయన డోంగ్లి వైపు నుంచి ఒక రెండో పెళ్లివాడి సంబంధం తెచ్చాడు. "పాపం, ఎన్నేండ్లని గిట్ల ఒక్కతే ఉంటది" అన్నాడు, నా మొహం చూడకుండా నా భూమి వైపు చూస్తూ. ఇష్టం లేకపోతే భాగం వద్దని ఒక సంతకం పెడితే చాలునని కూడా అన్నాడు. తమ్ముడు తల దించుకుని కూర్చున్నాడు. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చి, "నువ్వు ఏదంటే అదే అక్కా" అన్నాడు. ఆ గొంతు అయిదేళ్ల నాటిదే.

ఆ తర్వాత కొన్నాళ్లకే చట్టం నిజంగానే వచ్చేసింది. వాడికి ఇరవై ఒకటీ నిండింది. గార్డియన్ పని నుంచి విడుదల చేయించుకోవడానికి మామను వెంటబెట్టుకుని నిజామాబాదు వెళ్లాను. జమానతు ఆయనదే కాబట్టి ఆయనకూ విడుదల కావాలి. మామ ముసలివాడైపోయాడు. వకీలు ఇంటి మెట్లు ఎక్కలేనని కింద హోటల్ బల్ల మీద కూర్చున్నాడు. నేనొక్కదాన్నే పైకెళ్లాను.

వకీలుకు జుట్టు నెరిసినా హుషారు తగ్గలేదు. విడుదల ఎంతో సేపటి పని కాదన్నాడు. కొత్త చట్టం సంగతి అడిగితే మొహం వెలిగిపోయింది.

"నీకు సగం వస్తదమ్మా. చట్టం వచ్చే నాటికి నీకు పెళ్లి కాలేదు, ఇంట్ల పంపకాలు కాలేదు. పుట్టుకతో వచ్చిన హక్కు లెక్క."

"మరి ఇప్పుడు పెళ్లి చేసుకుంటే పోతదా?"

"పోదు. ఇగ నువ్వు ఎప్పుడు చేసుకున్నా పోదు. అంతకుముందే చేసుకొని ఉంటే మాత్రం గీ సగం రాకపోతుండె. నీ నసీబు మంచిది."

నా నసీబుకు నాకే నవ్వొచ్చింది. "నేనెట్ల చేసుకుంటుంటి సార్? మా మామ మీ ముందటనే గద ప్రమాణం జేసింది."

వకీలు కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "ఏం ప్రమాణం?"

చెప్పాను. ఆయన కాసేపు గుర్తు చేసుకున్నాడు. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు అన్నాడు. "కోర్టు అడిగింది ఒక్కటే. అప్పటికి సంబంధం ఖాయమైందా అని. కాలేదు గద, మీ మామ కాలేదన్నడు. నిజమే చెప్పిండు. ఎన్నటికీ అనేది ఆయన సొంతంగ అన్న మాట, దానితోని కోర్టుకేం పని? నువ్వు మీ బావను చేసుకొని, ఆ సంగతి కోర్టుకు తెలియజేస్తే అయిపోతుండె. మహా అంటే జమానతుకు ఇంకొకరిని చూసుకోమంటుండ్రి. గంతే."

గంతే. ఇంకొకరు. మజ్జిగ ఇచ్చి పంపిన పొరుగు రైతు గుర్తొచ్చాడు.

"మరి మీరెందుకు చెప్పలేదు సార్?"

"మీరు అడగలేదు గదమ్మా," అన్నాడు, నొచ్చుకున్నట్టుగానే. "నీకే ఇష్టం లేదేమో అనుకున్న."

బావ అడుగుదామన్నాడు. ఒక్కపారి అడుగుదామన్నాడు. ఆ గదిలో నాకు ఏదైనా పగలగొట్టాలనిపించింది. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టే గాజు బరువు ఒకటి ఉంది, దాని వైపు చాలాసేపు చూశాను. చట్టాలు రాసేవాళ్లు చాలా ఆలోచిస్తారు. పిల్లాడి భూమి పోకుండా, నాగలి ఎటూ ఒరగకుండా, నమ్మినవాడు మోసం చేయకుండా. అంతా బాగానే ఉంది. అయితే దాన్ని మాలాంటివాళ్లకు విడమర్చి చెప్పే పని మాత్రం ఏ సెక్షన్లోనూ ఎవరికీ అప్పగించలేదు. ఆ సగం భూమి నాకు ఊరికే రాలేదు. బావకు బదులు వచ్చింది. దాన్ని సంతకం పెట్టి ఇచ్చేయడానికి నేను దేవతను కాను. డోంగ్లి పెళ్లికొడుకు వేరే గుమ్మం చూసుకోవలసిందే.

మెట్లు దిగుతూ మామకు ఏం చెప్పాలో నిర్ణయించుకున్నాను. అంతా చెప్పేద్దామనుకున్నాను. నీ నోటి దూలతో ఇద్దరి బతుకులు పోయాయని, ఎవరూ అడగని మాట అన్నావని అరిచి చెప్పేద్దామనుకున్నాను. నాకా హక్కు ఉంది. అది పుట్టుకతో వచ్చింది కాదు, నేను సంపాదించుకున్నది.

మామ నా కోసం చాయ్ చల్లారకుండా సాసర్ మూత పెట్టి ఉంచాడు. "ఏమన్నడు బిడ్డా?"

"నీ జమానతు తీరిపోతది మామా," అన్నాను. "భూమిల నాకు సగం వస్తదట. పెళ్లి గాలేదు గనుక."

ఆ ముసలి మొహంలోకి నెత్తురు వచ్చింది. పదహారేళ్లుగా ఆ మనిషి నా కళ్లలోకి సూటిగా చూడలేదు. పండక్కి వచ్చినా అరుగు మీదే కూర్చుని పోయేవాడు. ఇప్పుడు చూశాడు. చూస్తూనే భోరుమన్నాడు. హోటల్లో నలుగురూ ఇటు తిరిగారు.

"నిద్రపట్టేది గాదు బిడ్డా ఇన్నేండ్లు. నా చెల్లె బిడ్డ గొంతు నేనే గోసిన అనుకునేటోన్ని. చూసినవా, మాటకు నిలబడ్డం. నువ్వు నిలబడ్డవు, నా కొడుకు నిలబడ్డడు. గందుకే దేవుడు నీ భాగం నీకిచ్చిండు."

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఊరికి సరిపడా నోరున్నదాన్ని. చాయ్ తాగాను. చల్లారిపోయింది.

తిరుగు బస్సులో మామ హాయిగా నిద్రపోయాడు. వర్ని దాటాక కిటికీలోంచి గాలి కొట్టి ఆయన రుమాలు ఊడి ఒళ్లో పడింది. ఉలిక్కిపడి లేచి మళ్లీ చుట్టుకోబోయాడు. ఒక కొస జారి బస్సు లోపల నేల మీది మట్టిలోకి పోతోంది.

"కొస పట్టుకో బిడ్డా," అన్నాడు నవ్వుతూ.

పట్టుకున్నాను.